గుండ్రటి బొమ్మ కంటే గీతల బొమ్మే ఎక్కువ చెబుతుంది: డి-జీనీస్

వరిలో ఎండాకు తెగులు తెచ్చే బాక్టీరియా క్సాంథోమోనాస్ ఒరైజే. దాని రెండు రకాల జీనోమ్‌లు (మొత్తం జన్యుక్రమాలు) పోల్చి చూపించాలంటే నేను ముందుగా తెరిచేది డి-జీనీస్ అనే వెబ్ సాధనాన్నే. హనుమకొండలో ఎమ్మెస్సీ విద్యార్థులకు పాఠం చెప్పేది దీనితోనే. వాళ్లలో సాంబమసూరి వేసే ఇళ్ల పిల్లలు ఉన్నారు, తెగులు వాళ్లకు కొత్త కాదు. దాన్ని తెచ్చే జీవి జన్యుక్రమాన్ని చూడటమే కొత్త.

ఫ్రాన్స్‌లోని తులూజ్ పరిశోధకులు తయారుచేసిన ఈ సాధనం ఉచితం. రెండు ఫాస్టా ఫైళ్లు (జన్యుక్రమాన్ని అక్షరాలుగా రాసిన ఫైళ్లు) ఎక్కిస్తే మినిమ్యాప్2 అనే ప్రోగ్రాం వాటిని పోల్చుతుంది, డి-జీనీస్ డాట్ ప్లాట్ గీస్తుంది: ఒక జీనోమ్ అడ్డంగా, ఇంకోటి నిలువుగా, రెండూ సరిపోయిన చోటల్లా గీత. వరుస ఒకటే అయితే మూల నుంచి మూలకు ఒకే గీత. ఒక ముక్క తిరగబడి ఉంటే అక్కడ గీత ఎదురు వాలుగా పడుతుంది, రైల్లో నాలుగు పెట్టెలను కాజీపేటలో విప్పి, వెనక్కి తిప్పి తగిలించినట్టు.

ఫిలిప్పీన్స్ రకం పీఎక్స్‌ఓ99ఏను, జపాన్ రకం ఎంఏఎఫ్‌ఎఫ్311018ను ఇచ్చి చూడండి. గీత చాలాచోట్ల తెగి, తిరగబడి కనిపిస్తుంది. పీఎక్స్‌ఓ99ఏలో దాదాపు 2,12,000 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) ముక్క పక్కపక్కనే రెండుసార్లు ఉంది. అది జపాన్ రకంలో ఒక్కచోటికే సరిపోతుంది కనుక, ప్లాట్‌లో రెండు సమాంతర గీతలుగా వస్తుంది. మౌస్‌తో దగ్గరికి తెచ్చి ఇది చూపించినప్పుడు తరగతిలో ప్రశ్నలు ఆగవు. నాకు ఈ సాధనం మీద ఇంత ఇష్టం అందుకే.

కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారి ప్రోక్సీ అనే సాధనం కూడా మంచిదే. జన్యువుల పేర్లతో అందమైన వలయాలు గీస్తుంది. కానీ దాని బ్లాస్ట్ వలయం (బ్లాస్ట్ అనే పోలిక ప్రోగ్రాం ఫలితాన్ని చూపే వలయం) మన రిఫరెన్స్‌లోని, అంటే ఆధారంగా తీసుకున్న జీనోమ్‌లోని, ఏ భాగం రెండో జీనోమ్‌లో ఉందో మాత్రమే చెబుతుంది, అక్కడ ఏ వరుసలో ఉందో చెప్పదు. ముక్కలు ఎంత అటూ ఇటూ మారినా వలయం నిండుగానే కనిపిస్తుంది. దాన్ని చూసి ‘రెండూ ఒకటే’ అని రాసేయడం చాలా ప్రమాదం.

డి-జీనీస్‌లో జన్యువుల పేర్లు కనిపించవు, అది పెద్ద లోటు. దూరపు జాతులను పోలిస్తే బొమ్మ దాదాపు ఖాళీగా వస్తుంది. అలాంటప్పుడు ప్రొటీన్ స్థాయిలో పోల్చే వేరే సాధనం వెతుక్కోవాలి. ముక్కలుగా ఉన్న అసెంబ్లీ (చదివిన డీఎన్ఏను కలిపి కట్టిన జీనోమ్) అయితే, కాంటిగ్‌లను, అంటే ఆ ముక్కలను, వరుసలో పెట్టే సార్ట్ మీట మరిచిపోకండి. థీసిస్‌లో పెట్టేవారు బొమ్మను పీఎన్‌జీ ఫైలుగా కాక ఎస్‌వీజీ ఫైలుగా దించుకోండి, ఎంత పెద్దగా అచ్చువేసినా గీతలు చెదరవు.