రామమూర్తినగర్‌లో మేం వెళ్తున్న ఆడవాళ్ళ వ్యాయామం క్లాసు: ఆరు నెలల తర్వాత నా మాట

మాది మదనపల్లె. పెళ్ళయి బెంగళూరు వచ్చి ఇరవై నాలుగేళ్ళు. రామమూర్తినగర్‌లో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. నాకిప్పుడు 47. పొద్దున పదింటికి మిషన్ ముందు కూర్చుంటే రాత్రి ఎనిమిదికి లేస్తాను. మెడ పట్టేయడం, నడుము నొప్పి, మెట్లెక్కితే మోకాళ్ళు కిరకిరమనడం మొదలై రెండేళ్ళయింది. సాయంత్రం అరగంట నడుస్తూనే ఉన్నాను కదా, ఇంకేం చేయాలి అనుకునేదాన్ని. కొలతలకు వచ్చే ఒకావిడ ఈ క్లాసు గురించి చెప్పింది. ఆడవాళ్ళకు మాత్రమే, బరువులు ఎత్తిస్తారు అంది. బరువులంటే కుర్రాళ్ళకు కదా అని నాకు నమ్మకం కుదరలేదు.

అంతకు ముందు ఇంకోచోట నాకు చేదు అనుభవం ఉంది. ఒక పెద్ద జిమ్‌లో ఏడాది ఫీజు ఒకేసారి కట్టించుకున్నారు. మొదటి రోజే వేయింగ్ మిషన్ ఎక్కించి, పన్నెండు కిలోలు తగ్గాలన్నారు, పౌడర్ డబ్బా కొనమన్నారు. పదిహేను రోజులకే భుజం పట్టేసింది. డబ్బు వెనక్కి రాలేదు. అందుకే ఇక్కడ ముందు ఒక్క నెలకే కడతానన్నాను. సరేనన్నారు. నెలకు 1800. అరవై దాటిన వాళ్ళకు 1000.

ఒక బిల్డింగు కింది హాలు. రబ్బరు చాపలు, కిలో నుంచి పది కిలోల దాకా డంబెల్స్, రబ్బరు బ్యాండ్లు, పది ప్లాస్టిక్ కుర్చీలు, గోడకో బోర్డు. అంతే. అద్దాలు లేవు, వేయింగ్ మిషన్ కూడా లేదు. నేర్పే మేడమ్ కన్నడ ఆవిడ, యాభై పైబడిన మనిషి. మాలో సగం మంది తెలుగు వాళ్ళం కాబట్టి తెలుగు కొంచెం పట్టుకుంది. కానీ బరువు ఎత్తేటప్పుడు మాత్రం కన్నడమే: "నిధాన, నిధాన... ఉసిరు బిడి." నెమ్మదిగా, ఊపిరి వదలండి అని. ఇప్పుడు ఇంట్లో నీళ్ళ బిందె ఎత్తినా నా నోట్లో అదే మాట వస్తుంది.

మొదటి రోజు ఎక్సర్‌సైజు ఏమీ చేయించలేదు. అరగంట కూర్చోబెట్టి ప్రశ్నలే. కాన్పులు ఎన్ని, సిజేరియనా, నెలసరి సక్రమంగా వస్తోందా, బీపీ ఉందా, నిద్ర ఎలా పడుతోంది, హిమోగ్లోబిన్ చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు. ఆఖరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అప్పటికే నాతో పాటు డిగ్రీ చదివే మా అమ్మాయిని, 72 ఏళ్ళ మా అత్తను కూడా తీసుకెళ్ళాను. ముగ్గురం రక్తపరీక్ష చేయించుకుని వస్తేనే మొదలుపెడతానంది.

అమ్మాయికి హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఆడవాళ్ళకు 12 కంటే తగ్గితే రక్తహీనత. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఆ మాట పేపర్లో చదివి పేజీ తిప్పేసినదాన్నే నేను. పిల్ల కాలేజీ నుంచి వచ్చి మంచమెక్కితే ఫోన్ పిచ్చి అని తిట్టేదాన్ని. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. టిఫిన్ కాగానే గ్లాసుడు కాఫీ తాగే అలవాటు మానమన్నారు. తిండిలోని ఐరన్‌ను కాఫీ, టీ ఒంటికి పట్టనివ్వవట. నిమ్మకాయో, జామకాయో, ఉసిరికాయో తింటే బాగా పడుతుందట. మా ఇంట్లో ఇప్పుడు కాఫీ పదకొండింటికి. ఆకుకూర పప్పులో నిమ్మరసం తప్పనిసరి. నాలుగో నెలలో 11.6 వచ్చింది. అంతవరకు అమ్మాయి చేత తేలికైనవే చేయించింది మేడమ్, తొందర పెట్టలేదు.

అత్త మొదట రానంది. "ఈ వయసులో నాకెందుకమ్మా, నలుగురూ నవ్వుతారు" అంది. మా వీధిలోనే ఆమె ఈడు పెద్దావిడ బాత్రూమ్‌లో జారి తుంటి ఎముక విరిగి ఎనిమిది నెలలు మంచంలో ఉంది. ఆవిడను చూసొచ్చాకే అత్త ఒప్పుకుంది. మేడమ్ ఆమెకు పెట్టిన మొదటి పరీక్ష చాలా చిన్నది. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరు? ఆమె వయసు ఆడవాళ్ళకు పదికి తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువని లెక్క. అత్త ఆరుసార్లు లేచి ఆయాసపడింది. ఆ రోజు నుంచి ఆమె చేసేది మూడే పనులు: కుర్చీలోంచి లేవడం, కుర్చీ వీపు పట్టుకుని ఒంటి కాలి మీద నిలబడటం, కిలో డంబెల్ ఎత్తడం. ఆరో నెలలో పదకొండుసార్లు లేచింది. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఆడవాళ్ళకు మామూలు ప్రభుత్వ బస్సులో ప్రయాణం ఉచితం కదా, అయినా మెట్టు ఎక్కలేని అత్త బస్సే ఎక్కేది కాదు. మొన్న ఒక్కతే శివాజీనగర్ వెళ్ళి పూలు కొనుక్కొచ్చింది.

నా సంగతి చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి. చెప్పాలనే రాస్తున్నాను. రెండో కాన్పు నుంచి నాకు గట్టిగా తుమ్మినా, దగ్గినా కాస్త తడి అయ్యేది. పద్దెనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. పెళ్ళిళ్ళకు వెళ్తే నీళ్ళు తాగేదాన్ని కాదు. క్లాసులో ఒకరోజు మేడమ్ అందరినీ కూర్చోబెట్టి, తుమ్మితే ఇబ్బంది ఎవరికి అని నేరుగా అడిగింది. ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక్కొక్కటే చెయ్యి లేచింది. పద్నాలుగు మందిలో తొమ్మిది మంది. ఇన్నాళ్ళూ నాకొక్కదానికే ఉందనుకున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

కింది భాగంలో గర్భసంచిని, మూత్రసంచిని మోసే కండరాలు వదులైతే ఇలా అవుతుందని, వాటికీ వ్యాయామం ఉందని చెప్పింది. మూత్రం ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించి ఐదు సెకన్లు ఉంచాలి, ఐదు సెకన్లు పూర్తిగా వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగపట్టకూడదు. మూత్రానికి వెళ్ళినప్పుడు మాత్రం ఇలా చేయకూడదు. మూడు నెలలు ఓపిక పట్టాలని ముందే చెప్పింది, ముందు లేడీ డాక్టరుకు చూపించుకోమని కూడా పంపింది. నేను మిషన్ తొక్కుతూనే చేస్తాను. ఇప్పుడు ఇబ్బంది ముప్పాతిక వంతు తగ్గింది. ఈ క్లాసుకు నేను కట్టిన డబ్బంతా ఈ ఒక్కదానితోనే గిట్టుబాటైంది.

బోర్డు మీద చెరపని మాట ఒకటుంది: వారానికి 150 నిమిషాలు నడక, రెండు రోజులు బరువులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పే కొలత అదేనట. నేను చేసేది నడక ఒక్కటే, అంటే అందులో సగం మాత్రమే అని అప్పుడు అర్థమైంది. నెలసరి ఆగాక మొదటి కొన్నేళ్ళలో ఎముక గబగబా పలచబడుతుంది. బరువు మోస్తేనే ఎముక గట్టిపడుతుంది కాబట్టి ఆ వయసు రాకముందే మొదలుపెట్టాలి. నాకు నెలసరి అటూ ఇటూ అవుతోంది, రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయి. అందుకే ఇది నా గురించే అనిపించింది. కిలోతో మొదలుపెట్టి ఇప్పుడు రెండు చేతుల్లో ఐదేసి కిలోలు ఎత్తుతున్నాను. మెడ నొప్పి లేదు. మోకాలు ఇంకా కిరకిరమంటుంది, కానీ నొప్పి లేదు. బరువు తగ్గింది కిలోన్నరే. బరువు తగ్గడం కోసమే వెళ్ళే వాళ్ళకు ఇది నచ్చకపోవచ్చు.

తిండికి చార్టు ఇవ్వరు, ఏ డబ్బా అమ్మరు. ప్రతి పూటా పప్పో, గుడ్డో, పెరుగో, ఉలవలో కంచంలో ఉండాలంటారు. రాగి సంగటి మానకండి అంటారు. మదనపల్లె మనిషికి ఆ మాట చెప్పాలా! వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. మనకు రోజుకు కావలసింది వెయ్యి.

లోపాలున్నాయి. హాలుకు ఒకటే బాత్రూమ్, అదీ కుర్చీలా కూర్చునే వెస్ట్రన్ రకం కాదు, అత్తలాంటి వాళ్ళకు చాలా కష్టం. వానొస్తే గేటు ముందు మడమల దాకా నీళ్ళు. సాయంత్రం బ్యాచ్‌కు వెళ్ళమని నేను చెప్పను. ఇరవై మందికి పైగా ఉంటారు, నేర్పేది ఒక చిన్న అమ్మాయి, ఒక్కొక్కరి దగ్గరికి రాలేకపోతుంది. అత్తను ఒకరోజు సాయంత్రం పంపితే పాదాలు తప్పుగా పెట్టి చేసింది. రెండు రోజులు మోకాలు వాచింది. మేడమ్‌కు చెప్తే, ఆమె ఆ అమ్మాయి ఎదుటే అత్తను క్షమించమని అడిగింది, అప్పటి నుంచి పెద్దవాళ్ళను పొద్దుటి బ్యాచ్‌లోనే తీసుకుంటున్నారు. మనం రాని రోజులకు వేరే క్లాసు ఇవ్వరు. రసీదు అడిగితేనే ఇస్తారు, అడగండి.

సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున 6:15కి. పిల్లల్ని బడికి పంపే వాళ్ళకు 11 గంటల బ్యాచ్ ఉంది. వదులు చుడీదార్ చాలు, చీరతో మాత్రం వద్దు. బూట్లు అవసరం లేదు. రక్తపరీక్ష కాగితం తీసుకెళ్ళండి. అత్తకోసం బాత్రూమ్‌లో పట్టుకునే కమ్మీ, పైన కూర్చునే కమోడ్ పెట్టించమని గట్టిగానే అడిగాను. కమ్మీ పోయిన వారం బిగించారు. కమోడ్ ఉగాది తర్వాత అన్నారు. ముగ్గురికీ ఇంకో మూడు నెలలకు కట్టేశాను.