టాలీ బ్యాకప్, రిస్టోర్: ఏళ్ల తరబడి రోజూ వాడాక

విశాఖ పూర్ణా మార్కెట్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు, ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాప్. రెండు చోట్లా లెక్కలు టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే: మొదట దాని పాత వెర్షన్ ఈఆర్‌పీ 9, తర్వాత కొత్తదైన ప్రైమ్. అన్నేళ్ల వాడకంలో తేలిందొకటే. బ్యాకప్ (డేటాకు మరో ప్రతి) తీయడం చాలా తేలిక, ప్రమాదమంతా రిస్టోర్ (ఆ ప్రతి నుంచి డేటాను వెనక్కి తేవడం) దగ్గరే ఉంది.

కొట్టు కట్టేసే ముందు మిగతా కంప్యూటర్లలో కంపెనీ (టాలీలో ఒక వ్యాపారం లెక్కల పుస్తకం) మూసేయించాలి. ప్రైమ్‌లో ఆల్ట్+వై నొక్కి, బ్యాకప్ ఎంచుకుని, ఫోల్డర్ చూపించి, కంపెనీని ఎంచుకుంటే పని అయిపోయినట్టే. ముందు హార్డ్ డిస్కులోకి తీసి, ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం మేలు. ఎజెక్ట్ కొట్టకుండా పీకితే ఫైలు సగంలోనే ఆగిపోవచ్చు, పైకి మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఈఆర్‌పీ 9లో ఫైలు పేరు ఎప్పుడూ టీబీకే900.001 అనే పడేది. అదే ఫోల్డర్‌లోకి మళ్లీ తీస్తే నిన్నటిది చెరిగిపోయేది. నిన్నటి డేటాలో తప్పేమీ లేకపోయి, ఇవాళ్టిది పాడై ఉంటే ఉన్న ఒక్క మంచి ప్రతీ పోయినట్టే. అందుకే సోమవారం నుంచి శనివారం దాకా 6 ఫోల్డర్లు, నెలాఖరుకు వేరే ఒకటి. ప్రైమ్‌కి మారాక కూడా ఈ అలవాటు మానలేదు.

ఇక రిస్టోర్. ఇందులో రెండు ఫోల్డర్ల దారులు (పాత్‌లు) అడుగుతుంది: డేటా ఎక్కడికి వెళ్లాలి, బ్యాకప్ ఎక్కడుంది. మొదటి గడిలో మామూలుగా వాడే డేటా ఫోల్డరే ముందుగా పడి ఉంటుంది. గమనించకుండా ఎంటర్ కొట్టి, తర్వాత వచ్చే ప్రశ్నకు 'ఎస్' అన్నారంటే, నిన్నటి బ్యాకప్ ఇవాళ్టి వోచర్ల (లావాదేవీల ఎంట్రీల) మీద కూర్చుంటుంది, అవి చెరిగిపోతాయి. అన్‌డూ లేదు. అందుకని రిస్టోర్‌కు ముందు ఇవాళ్టి డేటా పాడైనదైనా సరే, టాలీ మూసి కంపెనీ నంబరు పేరుతో ఉన్న ఫోల్డర్‌ని (10000 లాంటిది) కాపీ చేసి పక్కన పెట్టుకోండి. డి డ్రైవ్‌లో ఖాళీ ఫోల్డర్ తెరిచి, అందులోకే రిస్టోర్ చేయండి. ప్రైమ్‌లో ఎఫ్3 నొక్కి ఆ దారి చూపిస్తే కంపెనీ తెరుచుకుంటుంది.

తెరుచుకుంది కదా అని వదిలేయకూడదు. ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక) సరిచూడండి, తర్వాత స్టాటిస్టిక్స్ రిపోర్టు తీయండి. సేల్స్ ఎన్ని, రసీదులెన్ని, జర్నల్స్ ఎన్ని అని రకాల వారీగా లెక్క చూపిస్తుంది. బ్యాకప్ తీసిన రాత్రే ఆ అంకెలు ఒక చీటీ మీద రాసి ఉంచుకుంటే పోల్చడం నిమిషం పని. నెలకోసారి, వేరే కంప్యూటర్‌లో, ఈ పరీక్ష తప్పనిసరి.

టాలీ వాల్ట్ (డేటాకు పాస్‌వర్డ్‌తో తాళం వేసే సదుపాయం) పెట్టిన కంపెనీ పేరు నక్షత్రపు గుర్తుల్లా (****) కనిపిస్తుంది. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే బ్యాకప్ ఎన్ని ప్రతులున్నా ఒక్కటీ తెరుచుకోదు. పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి, కవర్లో పెట్టి బీరువాలో దాచండి.

రోజూ వాడే డేటాను క్లౌడ్ సింక్ ఫోల్డర్‌లో (ఫైళ్లు తమంతట తామే ఇంటర్నెట్‌లోకి కాపీ అయ్యే ఫోల్డర్) ఎప్పుడూ పెట్టొద్దు. వాడుతుండగానే సింక్ ఫైళ్లను పట్టుకుంటే డేటా చెడుతుంది. అందులోకి వెళ్లాల్సింది బ్యాకప్ ఫైలు మాత్రమే. విశాఖలో ఇలా ఊరి బయట కూడా ఒక ప్రతి ఉండటం చాలా ముఖ్యం: 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. సముద్రపు ఉప్పుగాలికి పెన్‌డ్రైవ్ పిన్నులు తుప్పు పడతాయి కాబట్టి జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి.

కంపెనీ చట్టం కింద నడిచేవాళ్లు లెక్కలు 8 ఏళ్లు ఉంచాలి, బ్యాకప్ రోజూ భారత్‌లోని సర్వర్‌లో ఉండాలని 2022 ఆగస్టు సవరణ చెబుతోంది. అన్నేళ్లు ఒకే పెన్‌డ్రైవ్‌ను నమ్మలేం, ఏటా కొత్త డిస్కులోకి మార్చి, ఒకసారి తెరిచి చూడాలి. ప్రతి ఫోల్డర్‌లో అది టాలీ ఏ రిలీజ్ (వెర్షన్ నంబరు)లో తీసిందో రాసిపెట్టండి: ప్రైమ్ 3.0కి మార్చిన డేటా 2.1లో తెరుచుకోదు.