గోడ మీద రేట్ల బోర్డు: మున్నేకొళాల సెలూన్‌లో ఏడేళ్ళు

మున్నేకొళాలలో మా సందు చివరి సెలూన్‌కి 2018 ఆగస్టు నుంచి వెళ్తున్నాను. మూడు కుర్చీలు, రెండు ఫ్యాన్లు, ఏసీ లేదు. ఇలాంటి షాపు బెంగళూరులో ప్రతి సందులోనూ ఒకటుంటుంది కాబట్టి వర్ణన అక్కర్లేదు. నేను రాయాలనుకున్నది ఆ షాపు గోడకున్న రేట్ల బోర్డు గురించి. ఇన్నేళ్ళుగా నేను ఆ షాపు వదలకపోవడానికి కారణం అదే.

మామూలు తెల్ల బోర్డు, మార్కర్‌తో రాసింది. అంతా కన్నడమే. మనవాళ్ళకి అదేం పెద్ద ఇబ్బంది కాదు. తలకట్టు కొంచెం వేరు గానీ, కూడబలుక్కుంటూ పోతే నాలుగు రోజుల్లో చదవడం వచ్చేస్తుంది. కటింగ్ కటింగే, మన గడ్డం వాళ్ళకి గడ్డ. ఎదురుగా అంకెలు. నేను చేరిన కొత్తలో కటింగ్ 80, షేవింగ్ 40. ఇప్పుడు కటింగ్ 180, గడ్డం ట్రిమ్మింగ్ 100. మధ్యలో 100, 120, 150 అన్నీ చూశాను. లాక్‌డౌన్ తర్వాత ఒక్కసారి తప్ప, పెంచే ప్రతిసారీ ఒక నెల ముందే, వచ్చే నెల నుంచి ఇంత అని బోర్డు అడుగున చిన్న అక్షరాలతో రాసి పెడతాడు. కుర్చీలో కూర్చున్నాక రేటు తెలిసిన రోజు దాదాపు లేదు. ఆ "దాదాపు" సంగతి తర్వాత చెప్తాను.

ఓనరు కదిరి మనిషి. నాది తాడిపత్రి అని తెలిసిన రోజు నుంచి మా ఇద్దరి మధ్య హిందీ పోయింది, కన్నడమూ పోయింది. "రాప్పా, కూర్చో. మామూలేనా?" అంటాడు. "మామూలే అన్నా" అంటాను. మామూలంటే పక్కలకి రెండో నంబరు మిషను, అంటే ఆరు మిల్లీమీటర్లు, పైన కత్తెర. పైన కూడా మిషనే తిప్పేసి ఐదు నిమిషాల్లో లేపేసే షాపులున్నాయి. ఈయన ఇప్పటికీ దువ్వెన, కత్తెర పట్టుకుని ఇరవై నిమిషాలు చేస్తాడు.

బోర్డు మీద నాకు నమ్మకం కుదిరిన సందర్భం ఒకటుంది. 2020 మార్చి ఆఖరులో లాక్‌డౌన్ పడ్డాక దాదాపు రెండు నెలలు షట్టర్ లేవలేదు. ఆ మే నెలలో కర్ణాటక ప్రభుత్వం రాష్ట్రంలోని 2,30,000 మంది క్షురకులకి తలా 5,000 రూపాయలు ఒకసారి సాయంగా ఇస్తామని ప్రకటించింది. అన్నకి అందిందో లేదో నేను అడగలేదు. షాపు అద్దె మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదని ఆయనే చెప్పాడు. మళ్ళీ తెరిచేసరికి బోర్డు మారింది. కటింగ్ 100. దాని కింద కొత్త గీత: ఏప్రాన్ 20. ఒకరికి వాడి పారేసే పల్చటి ఏప్రాన్ అది. సొంత తువ్వాలు తెచ్చుకుంటే ఆ ఇరవై అక్కర్లేదని కూడా పక్కనే రాశాడు. నేను రెండుసార్లు తువ్వాలు తీసుకెళ్ళాను, తర్వాత ఇరవై ఇవ్వడమే నయమనిపించింది.

2021 చివర్లో ఒక ఆదివారం పోతే ఆ గీత లేదు. తడిగుడ్డతో తుడిచిన మరక మాత్రం ఉంది.

"ఏమన్నా, ఇరవై తీసేసినావే?"

"ఏప్రాన్ వేసేది మానేసినాం కదప్పా. వేయనిదానికి దుడ్లెందుకు?"

నేను ఆ రోజంతా దాని గురించే ఆలోచించాను. ఒకసారి బిల్లులో చేరిన చార్జీ దానంతటది బయటికి పోవడం ఈ ఊళ్ళో నేను ఇంకెక్కడా చూడలేదు. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సులో శానిటైజేషన్ అని 150 రూపాయలు అప్పుడు చేరింది. ఇప్పటికీ పేరు మార్చుకుని అందులోనే ఉంది. రెండు నెలలు రూపాయి రాబడి లేకుండా అద్దె కట్టిన మనిషి, ఎవరూ అడగకముందే ఇరవై రూపాయలు తుడిచేశాడు.

దానికి పూర్తిగా వ్యతిరేకమైనది 2024 మార్చిలో నాకు జరిగింది. పిన్ని కొడుకు నిశ్చితార్థం బుధవారం పొద్దున అనంతపురంలో. మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే అన్న షాపు మూసి ఉంది. మంగళవారం ఈ షాపులకి సెలవని తెలిసినవాణ్ణే, పనుల్లో పడి మర్చిపోయాను. రాత్రి పదకొండుకి బస్సు. మెయిన్ రోడ్డు మీద గాజు తలుపుల ఏసీ సెలూన్ ఒకటుంది, బయట స్టాండు మీద హెయిర్‌కట్ 350 అని ఉంది. మా షాపులో అప్పటికి 150. అవసరం కాబట్టి ఇవ్వచ్చనుకుని లోపలికెళ్ళాను.

కటింగ్ చేసిన కుర్రాడికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి, నెల్లూరు వైపు అబ్బాయి. తెలుగు వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పని బాగా చేశాడు, అది ఒప్పుకోవాలి. గడ్డం అంచులు కూడా సరిచేయమన్నాను. నురగ పూసి, వేడి తువ్వాలు కప్పి, అంతా అయ్యాక అడిగాడు: "సార్, ఎండలో తిరుగుతారా? ట్యాన్ బాగా పట్టేసింది, తీసేద్దామా?" నా కళ్ళ మీద తువ్వాలుంది. సరేనన్నాను. చల్లటి క్రీము ఏదో పూసి పది నిమిషాలు ఉంచాడు. అప్పుడే బ్లేడు పడిన చోట, దవడ పొడుగునా మంట మొదలైంది. "మామూలే సార్, తగ్గిపోతాది" అన్నాడు. తర్వాత, "శుభకార్యానికి పోతున్నారు గదా, తలకి కొంచెం మసాజ్ చేస్తా సార్" అన్నాడు. దానికీ సరేనన్నాను. ఎందుకంటే మా షాపులో అన్న కటింగ్ అయ్యాక తల మీద ఐదు నిమిషాలు చేతులాడిస్తాడు, దానికి విడిగా రేటు లేదు. తల తాకడం కటింగ్‌లో భాగమనే నేను ఆరేళ్ళుగా అనుకుంటున్నాను.

కౌంటర్లో బిల్లు వచ్చింది. కటింగ్ 350, గడ్డం 200, డీట్యాన్ 600, హెడ్ మసాజ్ 400. మొత్తం 1,550. దాని మీద 18 శాతం జీఎస్టీ 279. కట్టాల్సింది 1,829 రూపాయలు.

రేటు ముందే చెప్పాలి కదా అన్నాను. కౌంటర్ అతను టాబ్లెట్ నా వైపు తిప్పి చూపించాడు. నిజమే, రేట్లన్నీ అందులో ఉన్నాయి. కుర్చీలో కూర్చోకముందు దాన్ని నాకెవరూ చూపించలేదు. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు, బస్సుకి టైమవుతోంది. ఫోన్ తీసి కట్టేశాను. తలుపు దగ్గరికి ఆ కుర్రాడే వచ్చి చిన్న గొంతుతో చెప్పాడు: "ఏమనుకోవద్దు సార్. నెలకి ఇంత బిల్లు చెయ్యాలని టార్గెట్ ఉంటాది. కటింగులే చేస్తే మాకు కుదరదు."

మర్నాడు నిశ్చితార్థంలో దవడ కింద ఎర్రటి మచ్చలతో కూర్చున్నాను. అమ్మ పదిసార్లు అడిగింది, మొహానికేమైంది నాయనా అని. మూడు రోజులకి తగ్గాయి. అలాంటి క్రీములు పూసేముందు చెవి వెనకో మోచేతి దగ్గరో కొంచెం రాసి చూడాలని ప్యాకెట్ల మీదే రాసి ఉంటుంది. అదీ ఎవరూ చేయలేదు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆ పద్ధతి మీద. మెడకి గుడ్డ కట్టి, కళ్ళ మీద తువ్వాలు వేసి, కదలలేని మనిషిని "చేద్దామా" అంటే అది అడిగినట్టు కాదు. డబ్బు ఎంతో చెప్పి అడగాలి. ఆరు వందలు అని ఒక్క మాట వినపడి ఉంటే నేను వద్దనేవాణ్ణి.

ఒక మార్పు గురించి తెలుసుకోవడం మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్ పనుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. నేను కట్టిన బిల్లే ఇప్పుడైతే 1,627.50 అవుతుంది. ఏసీ సెలూన్‌కి వెళ్తే బిల్లులో ఆ శాతం ఎంత వేశారో చూడండి. సందుల్లోని చిన్న షాపులకి సాధారణంగా ఈ గొడవే ఉండదు, ఏడాది రాబడి 20 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషనే అక్కర్లేదు.

మా తాత చెప్పేవాడు, ఊళ్ళో క్షురకుడికి కోతలప్పుడు కళ్ళంలోనే మేర కొలిచిచ్చేవాళ్ళని. ఏడాదికి ఇంత గింజ, దానికి ఇంటిల్లిపాదికీ క్షవరం. రేటు ముందే తెలిసిన ఏర్పాటే, కానీ దాన్ని మెచ్చుకోలేను. రేటు పెట్టింది రైతులు, పంట పోయిన ఏడు నష్టపోయింది ఆయన. మా అన్న తన రేటు తనే రాసుకుంటాడు. ఆ బోర్డు నాకు ఇష్టం కావడానికి అదీ ఒక కారణం. 80 నుంచి 180కి పెరిగినా నాకు ఎప్పుడూ బరువనిపించలేదు. అద్దె పెరిగింది, కరెంటు పెరిగింది, రెండో కుర్చీలో పనిచేసే కుర్రాడికి ఆ కుర్చీ సంపాదనలో సగం ఇస్తాడు.

ఇంతగా పొగిడాను కాబట్టి మిగతావీ చెప్పాలి. బోర్డులో అన్నీ లేవు. కలర్ అని రాసి ఉంటుంది, ఎదురుగా అంకె ఉండదు. మా నాన్న వచ్చినప్పుడు అమ్మోనియా లేని రంగు వేయించుకుంటే 350 అయింది. ముందు అడిగితే చెప్తారు, అడగకపోతే చెప్పరు. 2023లో కొత్తగా చేరిన కుర్రాడు నా గడ్డానికి గీతలు తీసి, ఇది డిజైన్ కాబట్టి 150 అన్నాడు. అన్న కలగజేసుకుని మామూలు రేటే తీసుకున్నాడు గానీ, డిజైన్ రేటు మాత్రం ఇప్పటికీ బోర్డెక్కలేదు. ఇందాక "దాదాపు" అన్నది దీనికే.

బ్లేడు విషయం ఇంకా ముఖ్యం. మామూలు రోజుల్లో కొత్త బ్లేడు కాగితం విప్పి, సగానికి విరిచి, మన ఎదురుగానే కత్తిలో పెడతారు. ఆదివారం రద్దీలో అది జరగకపోవడం నేను రెండుసార్లు చూశాను. ఇప్పుడు కూర్చోగానే "బ్లేడు మార్చన్నా" అంటాను. ఎవరూ ఏమీ అనుకోరు.

మూడోది ఆయనకి నేనే గట్టిగా చెప్పాల్సి వచ్చింది. తల రుద్దాక గడ్డం కింద చెయ్యి పెట్టి మెడ టక్కుమని తిప్పుతాడు. చాలామందికి అదే ఇష్టం, దానికి డబ్బులు కూడా తీసుకోడు. నాకూ మొదట్లో హాయిగానే ఉండేది. 2024లో బళ్ళారి మనిషి ఒకరికి సెలూన్‌లో ఇలాగే మెడ తిప్పాక పక్షవాతం వచ్చిందని వార్తల్లో చదివాను. మెడలోంచి మెదడుకి పోయే రక్తనాళం లోపలి పొర చిరిగితే అలా అవుతుందని డాక్టర్లు చెప్పారు. ఆ వార్త ఫోన్లో అన్నకి చూపించాను. నాకు మానేశాడు. అడిగినవాళ్ళకి ఇంకా చేస్తూనే ఉన్నాడు, అది నాకు నచ్చని సంగతి.

బెంగళూరుకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నేను చూసినంతలో రేట్లు ఇవి. ఏసీ లేని సందు షాపుల్లో కటింగ్ 120 నుంచి 200, గడ్డం 60 నుంచి 100. ఏసీ, గాజు తలుపు ఉంటే కటింగే 250 నుంచి 400. మాల్స్‌లో, పెద్ద చెయిన్లలో 500 దగ్గర మొదలై, సీనియర్ స్టైలిస్ట్ అంటే 900 దాకా పోతుంది, పన్ను వేరే. నాలుగు వారాలకోసారి కటింగ్, గడ్డం రెండూ చేయించుకుంటే ఏడాదికి పదమూడు సార్లు. అన్న దగ్గర నాకు 3,640 అవుతుంది. 350, 200 రేట్లున్న చోటైతే ఏమీ అదనంగా చేయించుకోకపోయినా పన్నుతో ఏడున్నర వేలు.

నా జుట్టు ఒత్తు, సాఫు, పదేళ్ళుగా ఒకటే క్రాఫు. మధ్యలో గడ్డం ఇంట్లో ట్రిమ్మర్‌తో నేనే చేసుకుంటాను. షాపు మా ఇంటికి ఐదు నిమిషాల నడక. ఇవన్నీ కుదిరాయి కాబట్టి నాకు ఈ షాపు సరిపోయింది. ఫేడ్, అంటే పక్కల జుట్టు కిందికి పోనుపోను పల్చబడే కటింగ్, కావాలంటే అన్న చేతికి అది అంత నున్నగా రాదు, మా తమ్ముడు వాడి 400 రూపాయల చోటుకే పోతాడు, వాడి తల చూస్తే ఆ డబ్బుకి తగ్గట్టే ఉంటుంది. ఉంగరాల జుట్టువాళ్ళ సంగతి నేను చెప్పలేను. దూరం నుంచి బండేసుకుని వచ్చేంత ప్రత్యేకత ఈ షాపులో ఏమీ లేదు, మీ సందులో బోర్డున్న షాపు ఒకటి వెతుక్కోవడమే నయం. ఇక్కడికే వస్తామంటే ఆదివారం పొద్దున ఎనిమిది లోపల రండి, తర్వాతైతే గంటకు పైనే కూర్చోవాలి. మంగళవారం రాకండి, షట్టర్ వేసి ఉంటుంది.