జాగ్రత్త: “600 ఏళ్ల తాటాకు” పెట్టి నవల అమ్ముతున్నారు, మోసపోకండి

నెల్లూరు, ఒంగోలు వైపు నవలలు చదివేవాళ్లందరికీ చెబుతున్నాను. నాలుగైదు నెలలుగా ఫోన్‌లో ఒక ప్రకటన తిరుగుతోంది. నల్ల చెక్కపెట్టె, లోపల ఎర్ర పట్టుగుడ్డ, దాని మీద లావుపాటి పుస్తకం, పక్కన ఒక తాటాకు. “నెల్లూరు గడ్డలో దాగిన వెయ్యేళ్ల రహస్యం, అన్ని మతాలూ ఒక్కటేనని చాటే తాళపత్రం, నిజ సంఘటనల ఆధారంగా” అని రాసుంటుంది. ప్రత్యేక ప్రతి 2,499 రూపాయలు. దాంతోపాటు “600 ఏళ్ల నాటి అసలు తాటాకు” ఒకటి ఉచితం. నేను కొన్నాను. మీరు కొనకండి.

చదువుకున్నవాడివి ఎట్లా పడ్డావయ్యా అంటారేమో. నాకు ఈ రకం నవలల పిచ్చి ఉంది. ఒక పాత గ్రంథం, ఎవరూ తెరవని గది, ఒక పూజారి, ఒక ఫాదరీ, ఒక మౌల్వీ కలిసి గుట్టు విప్పడం, ఇవి ఉంటే చాలు, అన్నం కూడా మర్చిపోతాను. పైగా ఊరు నెల్లూరు. మాది రంగనాయకుల గుడికి పోయే ఇల్లే, అయినా ఏటా రొట్టెల పండక్కి మా అమ్మ బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో దిగాల్సిందే. అక్కడ కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్లు ఇస్తారు. నాకు ఉద్యోగం రాని రోజుల్లో ఉద్యోగం రొట్టె తీసుకుంది, వచ్చాక మర్సటేడు పోయి ఇంకొకరికి రొట్టె ఇచ్చింది. రొట్టె ఇచ్చినామె ఎవరో, ఏ మతమో అమ్మ అడగలేదు. శైవులూ వైష్ణవులూ వాదులాడుకునే 13వ శతాబ్దంలో తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చిన తిక్కన ఉన్నదీ ఈ ఊళ్లోనే. ఇలాంటి ఊరి మీద ఎవరో థ్రిల్లర్ రాశారంటే చెయ్యి ఆగుతుందా?

వస్తువు వచ్చాక డబ్బులిచ్చే వీలు లేదు, యూపీఐలో ముందే కట్టాలన్నారు. అనుమానించాల్సింది అక్కడే. కట్టిన 19 రోజులకు పార్శిల్ వచ్చింది. 420 పేజీలన్నారు, 212 ఉన్నాయి. 97 నుంచి 112 దాకా ఒక ఫారం, అంటే పదహారు పేజీల మడత, రెండుసార్లు కుట్టారు, దాని తర్వాత రావాల్సిన ఫారం లేనే లేదు. పూజారి గది తాళం తీస్తుంటాడు, పేజీ తిప్పితే మళ్లీ ఆటో ఎక్కుతుంటాడు.

అచ్చు తప్పులైతే సర్దుకుపోయేవాణ్ణి. భాష చూశాక కడుపు మండింది. మొదటి అధ్యాయం నుంచీ “అరచేతి ఆకు” అనే మాట వస్తుంటుంది. అరచేతి ఆకు పురాతనమైనదట, అరచేతి ఆకును దొంగలు ఎత్తుకుపోయారట. యాభై పేజీలు పోయాక వెలిగింది, అది తాటాకు! ఇంగ్లీషులో తాటిచెట్టుకూ అరచేతికీ మాట ఒకటే కదా, అనువాదం చేసే మిషను అరచెయ్యే అనుకుంది. ఇంకొకచోట ఫాదరీ గారు ఆ ఆకు చూసి బిత్తరపోయి “పవిత్రమైన ఆవు!” అని అరుస్తాడు. ఇంగ్లీషులో ఆశ్చర్యపోతే అనే “హోలీ కౌ”కు అది మక్కికి మక్కి అనువాదం. మతసామరస్యం నవలలో ఫాదరీ నోట ఆ మాట రావడం ఒక్కటే ఇందులో నాకు నచ్చిన సంగతి.

అంటే ఎవరిదో ఇంగ్లీషు నవల దొంగిలించి, మిషనులో వేసి, ఊళ్ల పేర్లు మాత్రం మార్చారన్నమాట. మార్చడం కూడా చేతకాలేదు. డిసెంబరులో నెల్లూరు వీధుల్లో మోకాళ్ల దాకా మంచు. పెన్నా గడ్డకట్టిపోయి హీరో దాని మీద నడిచి రంగనాయకుల గుడి వెనక్కి చేరతాడు. ఎండాకాలంలో ట్రంకురోడ్డు మీద గొడుగు లేకుండా అయిదు నిమిషాలు నిలబడని వాడెవడో రాసుంటాడు. ఊళ్లో చెరువు పక్కనున్న దర్గా ఏమో ఇందులో మైపాడు సముద్రం ఒడ్డున ఉంటుంది.

ఇక తాటాకు. అసలు ఈ పోస్టు రాస్తున్నది దీని గురించే. పుస్తకం చెత్తదైతే పాత పేపర్లవాడికి వేసేస్తాం, పీడా పోతుంది. ఈ ఆకు సంగతి అట్లా కాదు.

మాకు తెలుగు చెప్పి రిటైరైన మాస్టారొకరు కావలిలో ఉన్నారు. తాళపత్రాలు చూసి చదవగలరు. పెట్టె ఎత్తుకుని బస్సెక్కి పోయాను. కళ్లద్దాలు సవరించుకుని ఆకును కిటికీ దగ్గరికి తీసుకుపోయారు.

“ఎంత పెట్టి కొన్నావు అబ్బయా?”

“రెండు వేల అయిదొందలు సార్.”

“విసనకర్రయినా కాదు గదయ్యా, గాలి కూడా రాదు.”

ఆయన చెప్పినవి మీకూ పనికొస్తాయని రాస్తున్నా. మన వైపు తాటాకు మీద సిరాతో రాసేవాళ్లు కాదు. ఆకును ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి, గంటంతో, అంటే ఇనుప మొనతో, గీరి రాస్తారు. గీతల్లోకి మసి దిగేలా రుద్దితే అక్షరం నల్లగా తేలుతుంది. అంచేత వేలితో తడిమితే అక్షరం గాడి తగలాలి. నా ఆకు మీద గాడి లేదు, తడివేలు తగలగానే అక్షరం చెదిరింది. ఆకులన్నీ దారం మీద గుచ్చి, పైనా కిందా చెక్కలు పెట్టి కట్టేవాళ్లు, కాబట్టి ఆకుకు బెజ్జం ఉండాలి. నా దానికి లేదు. పాత రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, కామాలు అసలుండవు. నా ఆకులో ఖాళీలూ ఉన్నాయి, కామాలూ ఉన్నాయి, చివర “క్రీ.శ. 1423” అని కూడా ఉంది! ఆ కాలంలో రాసేవాడు శాలివాహన శకమో, ప్రభవ విభవ లాంటి సంవత్సరం పేరో వేస్తాడు. క్రీస్తు శకం లెక్క వాడికెవరు చెప్పారు? మాస్టారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు.

“నకిలీ కాబట్టి బతికిపోయావు, అసలుదైతే ఇంకా తంటా” అన్నారు తర్వాత. నిజమే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటి, చరిత్రకో సాహిత్యానికో పనికొచ్చే రాతప్రతి పురావస్తువు కిందికి వస్తుంది. దాంతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. అంటే ఈ అమ్మేవాడు చెప్పేది అబద్ధమైతే మనల్ని మోసం చేస్తున్నాడు. నిజమైతే ఎక్కడో ఒక గ్రంథం కట్ట విప్పి, గిరాకీకొక ఆకు చొప్పున పంచిపెడుతున్నాడు. ఏ విధంగా చూసినా కొనకూడని సరుకే. మీ ఇంట్లో అటక మీద నిజంగానే పాత కట్టలుంటే ఇలాంటి వాళ్లకు చూపించకండి. చెన్నైలో 1869 నుంచి ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. కంపెనీ కాలంలో మెకంజీ దొర సేకరించినవీ, బ్రౌన్ దొర సేకరించినవీ అక్కడున్నాయి. తిరుపతిలోనూ ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది.

“నిజ సంఘటనల ఆధారంగా” అనే ముక్క కూడా కొత్త ఎత్తేమీ కాదు. 1894లో నికొలస్ నోటొవిచ్ అనే రష్యన్, లడఖ్‌లోని హెమిస్ మఠంలో తనకొక గ్రంథం చదివి వినిపించారని, ఏసుక్రీస్తు ఇండియాలో తిరిగినట్టు అందులో ఉందని ఫ్రెంచిలో పుస్తకం వేశాడు. బాగా అమ్ముడుపోయింది. మర్సటేడు ఆగ్రాలో పాఠాలు చెప్పే డగ్లస్ అనే ఆయన అదే మఠానికి పోయి అడిగితే, అట్లాంటి గ్రంథమే లేదన్నాడు పెద్ద లామా. నిజంగా దొరికినవేమో ఇంత హంగు లేకుండా దొరికాయి. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర మట్టిజాడీలో పాత క్రైస్తవ గ్రంథాలు బయటపడ్డాయి. ఆ తర్వాత రెండేళ్లకు మృత సముద్రం పక్క గుహల్లో చుట్టలుగా చుట్టిన పాత యూదు గ్రంథాలు దొరికాయి. మన దగ్గరే మొగలు రాకుమారుడు దారా షికో 1657లో 50 ఉపనిషత్తులను పారశీలోకి తెప్పించాడు. థ్రిల్లర్ రాయాలనుకునేవాడికి ఇందులో ఎంత సరుకుంది!

డబ్బుల సంగతికొస్తాను. వాపసు అడిగితే వాట్సాప్‌లో మొదటి జవాబు: “ఇది భక్తికి సంబంధించిన వస్తువు సార్, వెనక్కి పంపితే దోషం.” పేజీలు లేవని ఫొటోలు పెట్టాను. “పేజీలు మీరే చింపుంటారు, మీకు మతసామరస్యం ఇష్టం లేదేమో” అన్నారు. చెరువులో మా అమ్మ రొట్టె పంచుకున్నది వీళ్లకేం తెలుసు? ఆకు నకిలీదని మాస్టారు చెప్పారనగానే 500 ఇస్తాం, పోస్టు పెట్టొద్దన్నారు. ఒప్పుకోలేదు. మర్నాటికి నా నంబరు బ్లాక్ చేశారు.

లోపం ఉన్న వస్తువునూ, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువునూ అమ్మినవాడు “వాపసు తీసుకోము” అనడానికి వీల్లేదని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, ఇంకా తేలలేదు. డబ్బు కట్టాక అసలు పార్శిలే రానివాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి చేయండి. ప్రకటన స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి. నేను తీసుకోలేదు, ఫిర్యాదు రాసేటప్పటికి ఆ పేజీ మాయమైంది. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుంటే పేజీలు నేనే చింపానని వాళ్లు అనుండేవాళ్లు కాదు.

మొన్న ఆదివారం ఇంకో పేరుతో కొత్త ప్రకటన కనబడింది. అదే నల్ల పెట్టె, అదే ఎర్రగుడ్డ, ఆకు మూల చిరుగు కూడా అదే. ధర 1,999కి దించారు, “నెల్లూరు గడ్డ” తీసి “ఒంగోలు గడ్డ” అని పెట్టారు.