మొదటి నెలకు డెయిలీ లెన్సే నయం: బెంగళూరు వాడకంలో అక్యువ్యూ మాయిస్ట్

మారతహళ్ళిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో కళ్ళజోళ్ళ షాపుకెళ్ళి "కాంటాక్ట్ లెన్స్ కావాలి, ఇదే మొదటిసారి" అంటే, చాలాచోట్ల ముందు బయటికొచ్చేది నెలవారీ లెన్స్ డబ్బా, దానికి తోడు లెన్స్ కడిగి నానబెట్టే సొల్యూషన్ సీసా. లెక్కకు అదే చవక. కానీ కొత్తవాళ్ళ తిప్పలు కంటితో తక్కువ, వేళ్ళతోనూ, లెన్స్ నానబెట్టే డబ్బీతోనూ ఎక్కువ. మొదటి పది రోజుల్లో లెన్స్ సింకులో పడుతుంది, గోరు తగిలి చిరుగుతుంది, తిరగబడుతుంది. నెలవారీదైతే ఇంకా ఇరవై రోజులు రావాల్సినది పోయిందే అని మనసొప్పక, అంచు చిరిగినదాన్నే మళ్ళీ పెట్టేసుకుంటారు. డెయిలీ, అంటే ఒక్కరోజు వాడి పారేసేది అయితే, పారేసి ఇంకోటి తీస్తారు. మొదటి నెలకు వన్ డే అక్యువ్యూ మాయిస్ట్ అనే డెయిలీ లెన్స్‌ని సిఫారసు చేయడానికి అసలు కారణం ఇదే. ఇదేదో గొప్ప లెన్స్ అని కాదు.

వివరాలు చూద్దాం. పదార్థం ఎటాఫిల్కాన్ ఎ, నీరు 58 శాతం, వ్యాసం 14.2 మి.మీ., బేస్ కర్వ్ (కంటికి ఆనే లోపలి వైపు వంపు) 8.5, 9.0 అని రెండు రకాలు. -3.00 పవర్‌లో నడిమధ్య మందం 0.084 మి.మీ. ఇంత పల్చన కాబట్టి కంట్లో పెట్టాక కాసేపటికి ఉన్నట్టే అనిపించదు. అదే పల్చదనం వేలి మీద మాత్రం విసిగిస్తుంది. నిలబడదు, అప్పడం తడిసినట్టు మడత పడిపోతుంది. కంటికి ఆక్సిజన్ అందనిచ్చే కొలత (Dk/t) 25.5. అదే కంపెనీ రెండు వారాల లెన్స్ ఓయాసిస్‌ది 147. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఎన్ని గంటలు పెట్టుకోవాలన్న ప్రశ్న దగ్గర మళ్ళీ వస్తుంది.

కళ్ళజోడు చీటీలో ఉన్న పవర్‌నే లెన్స్‌కి రాసిచ్చే షాపులున్నాయి. -4.00 లోపు ఫర్వాలేదు. ఆపైన మాత్రం తేడా కొడుతుంది, ఎందుకంటే కళ్ళజోడు కంటికి సుమారు 12 మి.మీ. దూరంలో ఉంటుంది, లెన్స్ కంటి మీదే కూర్చుంటుంది. జోడులో -6.00 ఉంటే లెన్స్‌కి -5.50, -8.00 ఉంటే -7.25 దగ్గరకు వస్తుంది. ఇక చీటీలో సిలిండర్ (అడ్డంగానో నిలువుగానో కంటి వంపు తేడాకి రాసే పవర్) 0.75 లేదా అంతకు మించి ఉంటే ఈ మామూలు డబ్బా కాదు, దాన్ని సరిచేసే టోరిక్ రకం అడగాలి. లేదంటే ఎంత రుద్దినా, ఎన్ని చుక్కలు వేసినా అక్షరాల పక్కన నీడ పోదు. ట్రయల్ లెన్స్ పెట్టాక 15-20 నిమిషాలు కూర్చోబెట్టి, స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే పరికరం) కింద రెప్ప వేసినప్పుడు లెన్స్ కొద్దిగా కదులుతోందా అని చూసే చోటే కొనండి. అస్సలు కదలకపోతే బిగుతు, జారిపోతుంటే వదులు. ఐదు నిమిషాల్లో బిల్లు కొట్టే చోట ఈ చూపు జరగదు.

పెట్టుకోవడంలో తొంభై పాళ్ళు వేలి తడి మీదే ఉంటుంది. చేతులు మామూలు సబ్బుతో కడిగి, నూలు రాలని గుడ్డతో తుడుచుకోవాలి. వేలు తడిగా ఉంటే లెన్స్ వేలికే అతుక్కుంటుంది, కంటికి మారదు. "ఎంతకీ ఎక్కట్లేదు" అనేవాళ్ళలో చాలామంది తప్పు ఇదే. లెన్స్‌ని చూపుడు వేలి కొన మీద నిలబెట్టి వెలుతురుకి పట్టి చూడండి. అంచులు గిన్నెలా నిటారుగా ఉంటే సరైన వైపు, పళ్ళెంలా బయటికి వాలితే తిరగబడినట్టు. రెండో చేతి మధ్య వేలితో పై రెప్పని వెంట్రుకల మొదట్లోనే పట్టి కనుబొమ్మ ఎముకకి నొక్కాలి. రెప్ప మధ్యలో పడితే కన్ను మూసుకునే బలం ముందు ఏ వేలూ నిలవదు. లెన్స్ ఉన్న చేతి మధ్య వేలితో కింది రెప్ప లాగి, అద్దంలో నేరుగా చూస్తూ మెల్లగా ఆనించాలి, పొడవకూడదు. ఆనగానే కిందికి చూసి, కింది రెప్ప ముందు, పై రెప్ప తర్వాత వదలండి. ఠపీమని వదిలితే ఎగిరి చెంప మీద పడుతుంది. లెన్స్ కంటి వెనక్కి పోతుందన్న భయం అక్కర్లేదు, రెప్ప లోపలి పొర మడత పడి తెల్లగుడ్డుని కప్పుతుంది కాబట్టి అక్కడ దారే లేదు. మహా అయితే పై రెప్ప కింద మడతపడి దాక్కుంటుంది.

తీయడమే అసలు పరీక్ష. పైకి చూస్తూ చూపుడు వేలితో లెన్స్‌ని తెల్లగుడ్డు మీదికి జరిపి, బొటనవేలు, చూపుడువేలి మెత్తని భాగాలతో చిటికెలా పట్టాలి. గోళ్ళతో కాదు. జరగకపోతే రెండే కారణాలు: లెన్స్ ఎండిపోయింది, లేదా కంట్లో లేనే లేదు. మొదటిదైతే లెన్స్ మీద వేయొచ్చని రాసి ఉన్న చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగండి. రెండోదైతే మీరు గిల్లుతున్నది ఉత్త కన్నునే. ఒక కన్ను మూసి చూడండి, గోడ మీద క్యాలెండర్ మసకగా ఉంటే తెరిచిన కంట్లో లెన్స్ లేనట్టే.

మన వంటింటి సంగతి ఒకటుంది, ఏ కంపెనీ కాగితంలోనూ రాయరు. పచ్చిమిరపకాయలు కోసినా, ఆవకాయ కలిపినా ఆ ఘాటు ఒక్కసారి సబ్బుతో పోదు. అలాంటి రోజు లెన్స్ వంటకి ముందే పెట్టుకోండి. తీసేటప్పుడు రెండు మూడు సార్లు సబ్బుతో కడుక్కుని, వేలిని పెదవికి ఆనించి చూడండి, మండితే ఇంకా ఉన్నట్టే. ఆ తర్వాత మళ్ళీ కడగడం మరిచిపోవద్దు. కాటుక ఎప్పుడూ లెన్స్ తర్వాతే, అదీ రెప్ప లోపలి అంచుకి కాకుండా బయటికి.

వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు వైపు అపార్ట్‌మెంట్లలో వచ్చేది బోరు నీళ్ళో ట్యాంకర్ నీళ్ళో. అది లెన్స్‌కి తగలకూడదు. కావేరి నీళ్ళయినా, ఆర్‌ఓ నీళ్ళయినా అంతే. నీళ్ళలో బతికే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్స్‌కి అంటుకుని నల్లగుడ్డు మీదికి చేరితే వైద్యం నెలల తరబడి సాగుతుంది, చూపు పోయే ప్రమాదమూ ఉంది. స్నానానికీ, అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌కీ ముందు తీసేయాలి. డెయిలీ లెన్స్‌కి డబ్బీ, సొల్యూషన్ లేకపోవడంతో ఈ ప్రమాదంలో పెద్ద వాటా అక్కడే తగ్గిపోతుంది. ఈ డబ్బాకి పూర్తి మార్కులు ఇక్కడే ఇవ్వొచ్చు.

మార్కులు తగ్గించాల్సింది ఎండిపోవడం దగ్గర. మొదటి రోజు నాలుగు గంటలు, తర్వాత రోజుకి గంటో రెండు గంటలో పెంచుకుంటూ పోతే వారం తిరిగేసరికి రోజుకి ఎనిమిది, పది గంటలకు చేరొచ్చు. అంతవరకు బాగానే ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో ఏసీ గాలి కింద, స్క్రీన్ ముందు రెప్ప వేయడం తగ్గిపోయే ఉద్యోగాల్లో సాయంత్రానికి గరగర మొదలవుతుంది. రెప్ప వేయగానే తేటపడి మళ్ళీ మసకబారితే అది పొడిబారడమే. ఎప్పుడూ ఒకేలా మసకగా ఉంటే పవర్ తేడా, లేదా కుడిఎడమలు మారిపోయాయి. బైక్ మీద వెళ్ళేవాళ్ళు హెల్మెట్ అద్దం దించుకోవాల్సిందే, దుమ్ము రేణువు లెన్స్ కింద దూరితే నీళ్ళు కారడం ఆగదు. బ్యాగులో రెండు విడి లెన్సులు, పాత కళ్ళజోడు ఉండాలి. రోజుకి 12 గంటలు దాటి పెట్టుకునేవాళ్ళకి మాయిస్ట్ సరిపోదు. చేయి తిరిగాక ఓయాసిస్ లాంటి, ఆక్సిజన్ ఎక్కువ అందనిచ్చే సిలికాన్ హైడ్రోజెల్ రకానికి మారడమే మేలు. దేనితోనైనా నిద్ర మాత్రం వద్దు.

నలభై దాటినవాళ్ళకి ఒక మాట. మైనస్ కళ్ళజోడుతో ఇబ్బంది లేకుండా ఫోన్ చదివేవాళ్ళకి లెన్స్ పెట్టగానే దగ్గరి అక్షరాలు మసకబారొచ్చు. లెన్స్ తప్పు కాదది. ఇన్నాళ్ళూ జోడు చత్వారాన్ని కొంత దాచిపెట్టింది, లెన్స్‌తో దగ్గరి చూపుకి కన్ను ఎక్కువ కష్టపడాలి. ట్రయల్ లెన్స్‌తో షాపులోనే ఫోన్ తీసి చదివి చూడండి. అన్నీ కాస్త పెద్దగా కనబడి, మెట్లు దిగేటప్పుడు తడబడటం ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం సర్దుకునేవి కావు. లెన్స్ తీసేసి, దాన్ని పారేయకుండా వెంట పట్టుకుని అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

డబ్బాలో 30 ఉంటాయి, అంటే నెల అనుకోకండి. రెండు కళ్ళకీ ఒకటే పవర్ అయితే ఒక డబ్బా 15 రోజులే, వేర్వేరు పవర్లయితే రెండు డబ్బాలు కొనక తప్పదు. ఆ రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఇంటికి రాగానే మార్కర్‌తో కుడి, ఎడమ అని రాసేయండి. బిల్లు కట్టేముందు డబ్బా మీద బేస్ కర్వ్ చీటీలోదేనా, గడువు తేదీ ఎప్పుడు అన్నవి చూసుకోండి. 8.5 రాసిన చీటీకి స్టాకులో ఉన్న 9.0 ఇస్తే తీసుకోవద్దు.