డెబ్బై డాలర్ల గేమ్ అసలు ఖరీదు

ఏళ్ల తరబడి కన్సోల్ మీదా, కంప్యూటర్ మీదా డబ్బు పెట్టి గేములు కొని ఆడుతున్నాను. అందుకే ఈసారి ఒక గేమ్‌ను పక్కన పెట్టి, పెద్ద ప్రచురణ సంస్థలు గేములు అమ్ముతున్న పద్ధతినే సమీక్షకు తీసుకున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అట్ట మీది ధర పెరగడం కంటే, ఆ ధర కట్టాక కూడా కొనుగోలు పూర్తి కాకపోవడమే నా జేబుకు ఎక్కువ చిల్లు పెట్టింది.

అట్ట మీది ధర సంగతి త్వరగానే తేల్చవచ్చు. 2005లో మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 వచ్చిన నాటి నుంచి పెద్ద గేమ్ ధర సుమారు పదిహేనేళ్లు 60 డాలర్ల దగ్గరే నిలిచింది. 2020లో ‘ఎన్‌బీఏ 2కే21’ కొత్త కన్సోళ్లకు 70 డాలర్లతో వచ్చింది. 2025 జూన్‌లో నింటెండో కన్సోల్ స్విచ్ 2తో పాటు విడుదలైన ‘మారియో కార్ట్ వరల్డ్’కు 80 డాలర్లు పెట్టారు. ద్రవ్యోల్బణాన్ని లెక్కలోకి తీసుకుంటే 2005 నాటి 60 డాలర్లు ఈనాడు 90 దాటుతాయి కాబట్టి, గేములు నిజానికి చవకయ్యాయన్న సంస్థల వాదనలో అంకెల వరకు తప్పు లేదు. నిర్మాణ వ్యయమూ తక్కువేమీ కాదు. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’కు సుమారు 22 కోట్ల డాలర్లు ఖర్చయినట్లు 2023లో అమెరికా కోర్టుకు చేరిన పత్రాల్లో బయటపడింది. అయితే డౌన్‌లోడ్ల కాలంలో డిస్కుల తయారీ, రవాణా, అమ్ముడుపోని సరుకు భారం చాలావరకు తగ్గిపోయిన సంగతిని, గేమ్ లోపల మరో దుకాణం వెలిసిన సంగతిని ఆ వాదన చేసేవారు ఎత్తరు.

ఆ లోపలి దుకాణంతోనే నాకు అనుభవం ఎక్కువ. పూర్తి ధర పెట్టి కొని, చాలాకాలం ఆడిన ఒక ఆన్‌లైన్ షూటర్‌లో (తుపాకుల పోరు గేమ్‌లో) నా పాత్రకు నచ్చిన దుస్తులు 1,200 నాణేలు, అంటే అసలు డబ్బుతో కొనే గేమ్ నాణేలు. నాణేలను అమ్మేదేమో వెయ్యి చొప్పున కట్టలుగా. ఒక కట్ట చాలదు, రెండు కొంటే 800 మిగులుతాయి, మిగిలినవి తిరిగి డబ్బుగా మారవు. తెర పైమూలన కనిపించే ఆ 800, ఇంకో నాలుగు వందలుంటే మరొకటి వస్తుంది కదా అని ప్రతిసారీ గుర్తుచేస్తూనే ఉంటుంది. పక్కనే గడియారం పెట్టి, ఈ సరుకు రేపటికి ఉండదని తొందరపెడతారు. 2006లో ‘ఆబ్లివియన్’ అనే గేమ్‌లో గుర్రపు కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మితే ఆటగాళ్లు గేలి చేశారు. ఇప్పుడు ఆ ధరకు ఒక తుపాకీ రంగు దొరికితే గొప్ప. 2017లో ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’ లూట్ బాక్సులపై, అంటే లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెలపై, పెద్ద గొడవ జరిగింది, మరుసటి ఏడాది బెల్జియం కొన్ని ఇతర గేముల్లోని అలాంటి పెట్టెలను జూదం కింద లెక్కగట్టింది. తర్వాత చాలా గేముల్లో ఆ స్థానంలోకి బ్యాటిల్ పాస్ వచ్చింది, అంటే ముందే డబ్బు కట్టి, గడువులోగా ఆడుతూ ఒక్కో బహుమతినీ తెరుచుకునే పద్ధతి.

అదే గేమ్‌ను ఎక్కువ ధరకు అమ్మే డీలక్స్ ఎడిషన్ల విషయంలో నాకు మరింత చిరాకు. అదనంగా ఇరవై, ముప్పై డాలర్లు ఇస్తే కొన్ని రోజులు ముందే ఆడవచ్చంటారు. గేమ్ అప్పటికే సిద్ధంగా ఉంది కాబట్టి, ‘ముందే’ అన్న రోజే అసలు విడుదల రోజు. మామూలు ధర కట్టినవాడిని ఆలస్యంగా లోపలికి పంపి, ఆ ఆలస్యాన్ని తప్పించడానికి రుసుము వసూలు చేస్తున్నారు.

నెలకింత కట్టి బోలెడు గేములు ఆడుకునే సబ్‌స్క్రిప్షన్ల వల్ల మేలు జరగలేదని అనను. సొంతంగా ఎన్నడూ కొనని చిన్న గేములెన్నో వాటి పుణ్యమాని ఆడాను. కానీ 2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ సబ్‌స్క్రిప్షన్ గేమ్ పాస్ అల్టిమేట్ అమెరికాలో నెలకు 20 డాలర్ల నుంచి ఒక్కసారిగా 30కి ఎగబాకింది. అలవాటు పడ్డాక ధర పెంచితే మానుకోవడం కష్టం, మానుకుంటే చేతిలో ఒక్క గేమూ మిగలదు. కొన్న డిజిటల్ గేమైనా మనకు దక్కేది లైసెన్సే, అంటే ఆడుకునే అనుమతే. ఒంటరిగా ఆడినా సంస్థ సర్వర్లతో కనెక్షన్ తప్పనిసరైన కార్ల పందేల గేమ్ ‘ది క్రూ’ సర్వర్లను 2024 మార్చి 31న ఆపేయడంతో, ఎప్పుడూ ఒంటరిగానే ఆడేవారికి కూడా ఆ గేమ్ పనికిరాకుండా పోయింది. డిస్కు ఉన్న రోజుల్లో ఆడేశాక అమ్ముకుని సగం సొమ్మయినా రాబట్టుకునేవాళ్లం.

ఇంత ఖర్చు అనివార్యమన్న మాటను మార్కెట్టే కాదంటోంది. 2025లోనే ‘క్లెయిర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ 50 డాలర్లకు, ‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ 20 డాలర్లకు వచ్చి జనాన్ని కట్టిపడేశాయి. అదే ఏడాది ‘ది ఔటర్ వరల్డ్స్ 2’కు ముందు 80 డాలర్లు ప్రకటించి, విడుదలకు ముందే 70కి దించారు, నిర్మాణ వ్యయం ఆ కొన్ని వారాల్లో తగ్గి ఉండదు కదా.

నా మటుకు ముందస్తు బుకింగ్ పూర్తిగా మానేశాను. కథ ప్రధానంగా సాగే గేమ్‌ను ఏడాది ఆగి, అదనపు అధ్యాయాలతో కలిపి సేల్‌లో కొంటున్నాను. అప్పటికి తప్పులు కూడా సరిచేసి ఉంటారు. ఆన్‌లైన్ గేములకు మాత్రం ఈ ఓపిక పనిచేయదు, ఎందుకంటే మనం చేరేసరికి తోటి ఆటగాళ్లు మరో గేమ్‌కు వెళ్లిపోతారు. అందుకే వాటిలో కార్డు వివరాలు భద్రపరచకుండా, ప్రతి కొనుగోలుకూ అంకెలన్నీ మళ్లీ టైప్ చేసేలా పెట్టుకున్నాను. సగం కొనుగోళ్లు ఆ టైపింగ్ దగ్గరే ఆగిపోతున్నాయి.