రిఫరల్ ఎస్‌డీకే పెట్టుకోవాలా, ప్లే రిఫరర్‌తో సొంతంగా రాసుకోవాలా: ఏది మేలు?

స్నేహితుడిని ఆహ్వానిస్తే ఇద్దరికీ బహుమతి అనే సదుపాయాన్ని ఆండ్రాయిడ్ యాప్‌లో పెట్టాలనుకునేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. బ్రాంచ్, యాప్స్‌ఫ్లయర్, అడ్జస్ట్ వంటి సంస్థల ఎస్‌డీకే (యాప్‌లో కలుపుకునే సిద్ధంగా ఉన్న కోడ్) తీసుకోవాలా, యాప్ ఏ లింకు ద్వారా వేసుకున్నారో చెప్పే గూగుల్ ప్లే సదుపాయం ఇన్‌స్టాల్ రిఫరర్‌తో సొంతంగా రాసుకోవాలా? 2025 ఆగస్టు 25న గూగుల్ వారి లింకుల సేవ ఫైర్‌బేస్ డైనమిక్ లింక్స్ మూతపడ్డాక ఈ ప్రశ్న ఇంకా పెరిగింది. అంతవరకు పైసా ఖర్చు లేకుండా పని జరిగిపోయేది కాబట్టి చాలామందికి ఎంచుకోవలసిన అవసరమే రాలేదు.

ముందుగా ఒక చిక్కు విడదీద్దాం. యాప్ ఇప్పటికే ఉన్న ఫోనులో ఆహ్వానపు లింకు నొక్కితే యాప్ తెరుచుకోవడం ఒక పని. యాప్ లేని ఫోనులో లింకు నొక్కి, ప్లే స్టోర్‌కు వెళ్లి, యాప్ వేసుకుని, మొదటిసారి తెరిచినప్పుడు పంపినవారి కోడ్ యాప్‌కు చేరడం వేరే పని. మొదటిదానికి ఎవరి ఎస్‌డీకే అక్కర్లేదు, ఆండ్రాయిడ్ యాప్ లింక్స్ చాలు. మీ డొమైన్‌లో ఈ యాప్ మీదేనని చెప్పే అసెట్‌లింక్స్ ఫైలు పెట్టి, యాప్ వివరాలుండే మానిఫెస్ట్ ఫైలులో ఆటోవెరిఫై రాస్తే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ప్లే యాప్ సైనింగ్ (యాప్ మీద చివరి డిజిటల్ సంతకం గూగుల్ చేసే పద్ధతి) వాడుతుంటే ఆ ఫైలులో ఉండాల్సింది ప్లే కన్సోల్ చూపించే సైనింగ్ కీ తాలూకు ఎస్‌హెచ్‌ఏ-256 వేలిముద్ర. యాప్‌ను ప్లేకు పంపేటప్పుడు మీరు వాడే అప్‌లోడ్ కీ వేలిముద్ర మాత్రమే పెడితే, మీ కంప్యూటర్ నుంచి ఎక్కించిన బిల్డ్ చక్కగా పనిచేసినా, ప్లే నుంచి దిగిన యాప్‌లో ధ్రువీకరణ విఫలమవుతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి అలాంటి లింకు ఏమీ అడగకుండానే బ్రౌజర్‌లోకి పోతుంది.

అసలు పోటీ అంతా రెండో పని దగ్గరే. అక్కడ తేల్చవలసిన విషయం నా దృష్టిలో ఒక్కటే: ఈ కొత్త యూజర్‌ను పంపింది ఫలానా మనిషే అని ఎంత నిక్కచ్చిగా చెప్పగలరు? ప్రకటనల లెక్కల్లో కొన్ని ఇన్‌స్టాల్‌లు అటూ ఇటూ అయినా నివేదిక పనికొస్తుంది. రిఫరల్‌లో అది చెల్లదు. ఒక మనిషి తన స్నేహితుడికి లింకు పంపాడు, అతను యాప్ వేసుకున్నానని చెప్పాడు, ఇతను తన ఖాతాలో బహుమతి కోసం చూస్తున్నాడు. అది రాకపోతే అతనికి మీ యాప్ మీద నమ్మకం పోతుంది. అదే బహుమతి సంబంధం లేని మూడో మనిషికి పోతే మీ డబ్బూ పోతుంది. అంచనాలతో నడిచే పద్ధతికి ఇక్కడ తావు ఉండకూడదు.

ఇన్‌స్టాల్ రిఫరర్ నాకు నచ్చేది అందుకే. ప్లే స్టోర్ లింకు చివర రిఫరర్ అనే పరామితిలో మీ కోడ్ పెడతారు. ఆ లింకు ద్వారా ఇన్‌స్టాల్ జరిగితే ప్లే స్టోర్ ఆ మాటను తన దగ్గర ఉంచుకుని, యాప్ అడిగినప్పుడు ఉన్నదున్నట్టు ఇస్తుంది. దానితోపాటు లింకు నొక్కిన సమయం, ఇన్‌స్టాల్ మొదలైన సమయం కూడా వస్తాయి. గూగుల్ సర్వర్ వైపు నమోదైన సమయాలూ విడిగా ఉంటాయి కాబట్టి ఫోను గడియారం తప్పుగా ఉన్నా లెక్క చెడదు. సమాచారం 90 రోజులు నిలుస్తుంది. అయినా మొదటిసారి తెరిచినప్పుడు ఒక్కసారే అడిగి, వెంటనే మీ సర్వర్‌కు పంపేయడం మంచిది. ఇందులో ఊహకు చోటు లేదు: కోడ్ వస్తుంది, లేదా ఆర్గానిక్ (ఏ లింకూ లేకుండా వచ్చిన ఇన్‌స్టాల్) అని వస్తుంది.

ఇది రాసేటప్పుడు చాలామంది తట్టుకుని పడే చోటు ఎన్‌కోడింగ్, అంటే ప్రత్యేక గుర్తులను లింకులో ఇమిడే రూపంలోకి మార్చడం. రిఫరర్ విలువలో యాంపర్‌శాండ్ (& గుర్తు) ఉండి, దాన్ని ఎన్‌కోడ్ చేయకపోతే విలువ అక్కడికే తెగిపోతుంది. మిగిలిన ముక్క లింకులోని మరో పరామితిగా మారిపోతుంది. లింకు ఎక్కడిదో చెప్పే మొదటి ముక్క వస్తుంది, దాని తర్వాత ఉన్న కోడ్ రాదు. పాత పాఠాల్లో కనిపించే, ప్లే స్టోర్ పంపే సందేశం కోసం యాప్ ఎదురుచూసే బ్రాడ్‌కాస్ట్ రిసీవర్ పద్ధతి జోలికి కూడా వెళ్లవద్దు. గూగుల్ దాన్ని 2020 మార్చిలోనే ఆపేసింది.

ఇక ఎస్‌డీకేల సంగతి. ఆండ్రాయిడ్‌లో అవి కూడా ప్రధానంగా ఆధారపడేది ఇదే రిఫరర్ మీద. అది దొరకనప్పుడు ఐపీ చిరునామా, ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ వంటివి సరిపోల్చి అంచనా కట్టే సదుపాయం వాటి దగ్గర ఉంటుంది. ఒక యూజర్ లింకు చూసి పక్కన పెట్టి, తర్వాత ప్లే స్టోర్‌లో పేరు వెతికి యాప్ వేసుకున్నాడనుకోండి. సొంత పద్ధతికి అక్కడ ఏమీ దొరకదు, ఎస్‌డీకే మాత్రం ఊహించగలదు. ఇది దానికి నిజంగా ఉన్న పైచేయి.

కానీ ఆ ఊహ బలం తగ్గుతూ వస్తోంది. 2023లో వచ్చిన క్రోమ్ 110 నుంచి ఆండ్రాయిడ్ బ్రౌజర్ వెబ్‌సైట్‌లకు ఇచ్చే తన పరిచయ వాక్యంలో (యూజర్ ఏజెంట్) అసలు మోడల్ పేరు చెప్పడం మానేస్తూ వచ్చింది. ఏ ఫోనైనా ఆండ్రాయిడ్ 10, మోడల్ కె అని ఒకే రకంగా కనిపిస్తుంది. మొబైల్ నెట్‌వర్క్‌లలో ఒకే ఐపీ చిరునామా వెనుక ఎంతోమంది ఉంటారు. ఈ రెండూ కలిస్తే, ఒకే సమయంలో లింకు నొక్కిన ఇద్దరిని వేరు చేసే ఆధారం దాదాపు మిగలదు. ప్రకటనల కోసం ఫోనుకు ఉండే గుర్తింపు సంఖ్య, అడ్వర్టైజింగ్ ఐడీ ఆదుకుంటుందా అంటే, అది బ్రౌజర్‌లో నొక్కినప్పుడు దొరికేదే కాదు. యూజర్ దాన్ని తొలగిస్తే యాప్‌కు అన్నీ సున్నాలే వస్తాయి. ప్రకటనల ప్రభావం కొలవడానికి ఇలాంటి అంచనా పర్వాలేదు, ఒకరి ఖాతాలో డబ్బు వేయడానికి దీన్ని నేను ఒప్పుకోను.

అయినా ఎస్‌డీకే తీసుకోవలసిన సందర్భాలు ఉన్నాయి, వాటిని తక్కువ చేయను. మీకు ఐఫోన్ యాప్ కూడా ఉంటే యాప్ స్టోర్‌లో ఇలాంటి రిఫరర్ లేదు కాబట్టి రెండు వేదికలనూ ఒకే లింకుతో నడిపించే పని మీ నెత్తిన పడుతుంది. నాలుగైదు ప్రకటన వేదికల్లో డబ్బు పెడుతుంటే ఏ ఇన్‌స్టాల్ ఎవరి ఖాతాలోకి వెళ్లాలో తేల్చే మధ్యవర్తి కావాలి, ఆ పని సొంతంగా చేయడం వృథా ప్రయాస. మార్కెటింగ్ బృందం ప్రతి లింకుకూ డెవలపర్ దగ్గరకు రాకుండా తామే తయారు చేసుకోవడం కూడా చిన్న సౌకర్యమేమీ కాదు.

అప్పుడు కూడా మూడు షరతులు పెట్టుకోండి. లింకులు మీ సొంత డొమైన్ మీదే నడవాలి. ఎస్‌డీకే సంస్థ ఇచ్చిన డొమైన్ మీద పంపితే, రేపు ఆ సేవ మూతపడినప్పుడు జనం దగ్గర ఉన్న పాత ఆహ్వానాలన్నీ చచ్చిపోతాయి. డైనమిక్ లింక్స్ విషయంలో జరిగింది అదే. రెండోది, యూజర్ సమ్మతి ఇచ్చాకే ఎస్‌డీకే పని మొదలుపెట్టాలి. కొన్ని ఎస్‌డీకేలు కంటెంట్ ప్రొవైడర్ అనే యాప్ భాగం ద్వారా మీ అప్లికేషన్ కోడ్ కంటే ముందే లేస్తాయి, ఎస్‌డీకేలవీ మీవీ కలిసిపోయిన మానిఫెస్ట్‌ను తెరిచి చూసుకోండి. అది సేకరించే సమాచారాన్ని ప్లే కన్సోల్ డేటా సేఫ్టీ పత్రంలో ప్రకటించాల్సిన బాధ్యత కూడా మీదే, ఎస్‌డీకే సంస్థది కాదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఎస్‌డీకే యాప్‌లోకి పంపిన ఫలితాన్ని చూసి యాప్ బహుమతి ఇవ్వకూడదు. ఆ తీర్పు మీ సర్వర్‌దే కావాలి.

ఈ చివరి మాట సొంత పద్ధతికీ వర్తిస్తుంది. రిఫరర్ విలువను ఎవరైనా తమకు నచ్చినట్టు రాసి లింకు తయారు చేయవచ్చు. కాబట్టి కోడ్‌ను కేవలం ఒక సూచనగా చూడండి. కొత్త ఖాతా నిజంగా కొత్తదేనా, తన కోడ్‌ను తానే వాడుకున్నాడా అనేవి సర్వర్ తేల్చాలి. ఇన్‌స్టాల్‌కు బహుమతి ఇవ్వకుండా మొదటి కొనుగోలు వంటి అసలైన పనికి ఇస్తే ఎమ్యులేటర్‌లతో (కంప్యూటర్‌లో నడిచే నకిలీ ఫోన్లతో) పోగయ్యే దొంగ ఖాతాల బెడద చాలావరకు తగ్గుతుంది. యాప్, ఫోను అసలైనవేనా అని చెప్పే ప్లే ఇంటిగ్రిటీ ఏపీఐ దానికి తోడుగా పనికొస్తుంది.

యాప్ డేటాను తనంతట తానే దాచిపెట్టే ఆండ్రాయిడ్ ఆటో బ్యాకప్‌నూ గమనించండి. మొదటిసారి తెరిచాం అనే గుర్తును యాప్ చిన్న చిన్న సెట్టింగులు దాచుకునే షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో పెడితే, యూజర్ కొత్త ఫోనుకు మారినప్పుడు అది కూడా వెంట వస్తుంది. అప్పుడు యాప్ రిఫరర్‌ను అడగనే అడగదు. ఆ ఒక్క ఫైలును బ్యాకప్ నియమాల్లో మినహాయించండి. ఎస్‌డీకే తన గుర్తింపు సంఖ్యను దాచుకునే ఫైలుకూ ఇదే జాగ్రత్త అవసరం.

కోడ్‌ను చేత్తో టైపు చేసే పెట్టె పాతకాలపుదే, కానీ ఏ పద్ధతి ఎంచుకున్నా అది ఉండాలి. పేరు వెతికి యాప్ వేసుకున్నవారికి ఊహ కంటే అదే నమ్మకమైన దారి. క్లిప్‌బోర్డు ద్వారా కోడ్ చేరవేసే చిట్కా వద్దు. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్ క్లిప్‌బోర్డు చదివిందని ఫోను తెర మీదే చెబుతుంది. మొదటి పరిచయంలోనే ఆ సందేశం చూసిన యూజర్ ఏమనుకుంటాడో ఆలోచించండి.

ఆండ్రాయిడ్ యాప్ మాత్రమే ఉండి, కావలసింది స్నేహితుల ఆహ్వానం మాత్రమే అయితే నా ఓటు ప్లే రిఫరర్‌కూ మీ సర్వర్‌కూ. పరీక్షించేటప్పుడు ఆండ్రాయిడ్ స్టూడియో నుంచి ఎక్కించిన బిల్డ్‌లో ఆర్గానిక్ అని వస్తే కంగారు పడి కోడ్ మార్చవద్దు. ప్లే కన్సోల్‌లోని ఇంటర్నల్ టెస్టింగ్ ట్రాక్‌లో పెట్టి, రిఫరర్ ఉన్న లింకు నొక్కి, ప్లే నుంచే దించుకుని చూడండి.